రక్తపు ఊటలో వైరసు: చిట్టెలుకల లుకేమియా



పురానాపూల్ మీద నిలిచి మూసీనదిని చూచువారికి వంతెన క్రింద పారు నీరంతయు ఒక్కటిగనే కనబడును. కాని యా నీరు ఒక్కచోట పుట్టినది గాదు. అనంతగిరి కొండలనుండి వచ్చిన మూసీ నీరు కొంత, ఎగువను బాపూఘాట్ చెంత దానితో గలసిన ఈసీ నీరు కొంత. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన మహావరద హైదరాబాదు నగరమును అతలాకుతలము చేసినది. ఆ వరద తీసిన పిదప ఇంజనీర్లు వంతెనలను, ఒడ్డులను మాత్రమే పరీక్షించి ఊరకుండలేదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు ఎగువకు బోయి, ఏ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో విచారించి, నదులను పైననే ఆపవలెనని సూచించిరి. తత్ఫలితముగా మూసీకి 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీకి 1927లో హిమాయత్‌సాగరు ఏర్పడినవి.

రక్తవ్యాధుల విచారణయు నిట్టిదే. వేలికొననుండి తీసిన రక్తపుబొట్టు వంతెన క్రింది నీరువంటిది. అందులో చెడుగు కనబడవచ్చును. ఆ చెడుగు ఎచ్చట పుట్టెనో మాత్రము కనబడదు. దానిని దెలిసికొనుటకు ఎగువకు బోవలెను. అట్లు ఎగువకు దారి చూపినది యొక చిట్టెలుక, దాని శరీరములో జేరిన యొక వైరసు. ఆ వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము.

ముందుగా రక్తము పుట్టు విధమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మన రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రదుకును. తెల్లకణములలో కొన్ని ఒకటి రెండు దినములకు మించి నిలువవు. చచ్చిన వాని స్థానమున క్రొత్తవి రావలెను గదా! అందుచే పెద్దవాని దేహమున సెకండునకు ఇంచుమించు 20 లక్షల ఎఱ్ఱకణములు క్రొత్తగా పుట్టుచుండును. ఈ పుట్టుక యంతయు ఎముకలలోని మూలుగలో జరుగును. అచ్చట మూలకణములని పిలువబడు కణములు బహుకొలదిగా నున్నవి. రైతు పండిన ధాన్యములో తిండిగింజలను, విత్తనపుగింజలను వేరుచేసి, ఎంత కఱవు వచ్చినను విత్తనపుగింజలను ముట్టక దాచుకొనును. మూలకణములు అట్టి విత్తనపుగింజలు. మూలకణమునకు రెండు శక్తులు గలవు: తనవంటి కణమునే మరల పుట్టించుట యొకటి, ఎఱ్ఱకణము మొదలుకొని సమస్త రక్తకణములకు మూలపురుషుడగుట రెండవది. వీనిలో పెక్కు కణములు సాధారణముగా విభజన చెందక నిద్రించుచుండును. నిత్యము జరుగు పని అంతయు వాని పిల్లలును మనుమలును అనదగిన నడిమితరములవారిది.

ఇట్టి కణము నిజముగా గలదని ఎట్లు తెలిసినది? 1961లో కెనడా దేశపు టొరాంటో నగరమున జేమ్స్ టిల్, ఎర్నెస్టు మెకల్లక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కొన్ని చిట్టెలుకలకు తీవ్రమైన వికిరణము నిచ్చి, వాని మూలుగను నశింపజేసిరి. పిదప ఆరోగ్యముగల చిట్టెలుక మూలుగను తీసి వానికెక్కించిరి. పది దినములకు ఆ యెలుకల ప్లీహము మీద చిన్న చిన్న బుడిపెలు లేచినవి. ఎక్కించిన మూలుగ హెచ్చినకొలది బుడిపెలును హెచ్చినవి. ఒక్కొక్క బుడిపె ఒక్కొక్క కణమునుండియే పుట్టినదని 1963లో బెకర్ అను సహచరునితో గూడి వారు నిరూపించిరి. ప్లీహమనగా మన పల్లెలలో చలిజ్వరము వచ్చి పెరిగినప్పుడు ‘కడుపులో బల్ల’ అందురే, ఆ యవయవము. చిట్టెలుకలో ప్లీహముకూడ రక్తమును పుట్టించును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. వైరసు కథలో మరల వచ్చును.

ఇక లుకేమియా. 1845లో జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్హో ఒక రోగి రక్తములో తెల్లకణములు మితిమీరి యుండుట చూచి ‘తెల్లరక్తము’ అని వర్ణించెను. ఆ యర్థమునిచ్చు గ్రీకుమాటయే లుకేమియా. ఇది రక్తమునకు బట్టిన రాచపుండు. ఈ వ్యాధిలో మూలుగయందలి కణములు పెరుగుటయే గాని పండుట యుండదు. పాలకంకి గట్టిపడక పొలమంతయు పచ్చిగనే నిలిచిపోయినట్లు, పనికిరాని పసికణములు మూలుగ నంతయు నాక్రమించును. ఎఱ్ఱకణములకు చోటు చాలక రోగి పాలిపోవును. రక్షకభటులవంటి మంచి తెల్లకణములు తగ్గి జ్వరములు పట్టుకొనును. రక్తమును గడ్డకట్టించు పలుచని కణికలు తగ్గి చిగుళ్లనుండి, ముక్కునుండి నెత్తురు కారును.

మూసీ పొంగిన ఆ 1908వ సంవత్సరముననే డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరమున ఎల్లెర్మాన్, బాంగ్ అను ఇరువురు ఒక చిత్రమైన పరీక్ష చేసిరి. లుకేమియాతో చచ్చిన కోడినుండి రసము తీసి, కణము గాని బాక్టీరియా గాని దాటజాలని సన్నని వడపోతలో వడగట్టి, ఆ తేటను ఆరోగ్యముగల కోళ్లకు ఎక్కించిరి. ఆ కోళ్లకును లుకేమియా వచ్చినది. వడపోతను దాటినదేదో కణముకంటె చిన్నది! అది వైరసు. కాని ఆ కాలమున లుకేమియాను క్యాన్సరుగా నెవరును భావింపనందున వారి మాట మరుగున బడినది. 1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ కోడి కండలోని గడ్డనుగూర్చి అట్టి సత్యమునే చూపెను. ఆయనకు నోబెల్ బహుమానము 1966లో, అనగా 55 ఏండ్లకు, లభించినది.

కోడికి జరిగినది చతుష్పాదులకు జరుగదని పండితులు చాలకాలము వాదించిరి. ఆ వాదమును త్రోసిపుచ్చినవాడు లూడ్విక్ గ్రాస్. ఈయన పోలండు దేశస్థుడు. హిట్లరు దండయాత్రనుండి తప్పించుకొని అమెరికా చేరి, న్యూయార్కులో మాజీసైనికుల ఆసుపత్రి యొకదానిలో పనిచేసెను. ‘ఏ.కె.’ అను వంశపు చిట్టెలుకలకు వయసు వచ్చిన పిదప లుకేమియా తనంతట తానే వచ్చుచుండెడిది. వాని రసమును వడగట్టి వేరొక వంశపు పెద్దయెలుకల కెక్కింపగా ఏమియు కాలేదు. అప్పుడాయన, పుట్టి యొక దినమైనను గడువని పసికూనలకు దాని నెక్కించెను. వానికి కొన్ని నెలలకు లుకేమియా వచ్చినది. 1951లో ఈ సంగతిని ప్రకటింపగా చాలమంది నమ్మలేదు. 1956లో షార్లట్ ఫ్రెండ్ అను విదుషీమణి, పెద్దయెలుకలకు సైతము కొలది వారములలోనే వ్యాధి కలిగించు మఱియొక వైరసును గూర్చి విద్వత్సభలో చెప్పినప్పుడును ఎదురైనది అపనమ్మకమే. అయినను 1960లో మొలోనీ, 1962లో రౌషర్ మరికొన్ని వైరసులను గనుగొన్న పిదప సందేహమునకు తావు లేకపోయెను. ఈ వైరసులను నేటికిని వారి వారి పేర్లతోనే పిలుచుచున్నారు.

వైరసు సాధారణముగా కణములో జొరబడి, తన సంతానమును పెంచుకొని, కణమును చంపి బయటపడునని మన మెఱుగుదుము. ఈ వైరసులు అట్లు చంపవు, కాపురముండును. వీని జన్మపత్రిక ఆర్.ఎన్.ఏ. అను పదార్థముతో వ్రాయబడినది. కణపు జన్మపత్రిక డి.ఎన్.ఏ.తో వ్రాయబడినది. ఆర్.ఎన్.ఏ.ను తిరుగవ్రాసి డి.ఎన్.ఏ.గా మార్చు ఎంజైము ఒకటి ఈ వైరసులలో గలదని 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేఱువేఱుగా కనుగొనిరి. బాల్టిమోర్ పరీక్షించిన వానిలో ముఖ్యమైనది రౌషర్ చిట్టెలుక వైరసే. 1975లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఇట్లు తిరుగవ్రాసిన ప్రతిని వైరసు కణపు జన్మపత్రికలో ఒక పుటగా గుట్టివేయును. అటుపిమ్మట ఆ కణమునకు పుట్టిన ప్రతి కణములోను ఆ పుట యుండును. ‘ఏ.కె.’ ఎలుకలకు ఈ వ్యాధి తల్లిదండ్రులనుండి సంక్రమించుటకు కారణమిదే. వాని వంశపత్రికలోనే వైరసు వ్రాయబడి యున్నది. మానవుని డి.ఎన్.ఏ.లోకూడ నూటికి సుమారు 8 పాళ్లు పూర్వయుగములలో ఇట్లు చేరిన వైరసుల శిథిలములే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము. ఈ వైరసు ఊటలో పడునా, ఉపనదిలో పడునా? మూలకణమును బట్టునా, దాని సంతతిని బట్టునా?

ఇక్కడ ఒక నిబంధన గలదు. చిట్టెలుకల లుకేమియా వైరసు కణపు కేంద్రకములోనికి తనంతట తాను జొరబడజాలదు. కణము విభజన చెందునప్పుడు కేంద్రకపు గోడ కొంతసేపు కరగిపోవును. అప్పుడే దానికి దారి దొరకును. నిద్రించుచున్న మూలకణము తలుపులు వేసికొన్న యిల్లువంటిది. అందుచే పెద్దయెలుకలో వైరసు ఎక్కువగా చేరునది చురుకుగా విభజన చెందు నడిమితరము కణములలోనే. పసికూనలో కణములు వేగముగా పెరుగుచుండును, రక్షణశక్తియు ఇంకను బలపడదు. గ్రాస్ పరీక్ష పసికూనలయందే ఫలించుట ఈ విషయమునకు అనుగుణముగ నున్నది. అరుదుగా మూలకణమే మేల్కొని విభజన చెందు వేళ వైరసు దానిలో పడినచో, దాని సంతతి యంతయు ఆ ముద్రను మోయును. 1985, 1986 సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఈ లక్షణమునే యుపయోగించుకొని, వైరసు పుటను గుర్తుగా పెట్టి, ఒక్క మూలకణమునుండి ఎన్ని విధముల రక్తకణములు పుట్టునో లెక్కగట్టిరి. చాకలివాడు బట్టమీద పెట్టు గుర్తువలె వైరసు ఉపకరించినది.

ఫ్రెండ్ వైరసు చేయు పని యెట్టిదో చూడుడు. దేహమునకు ఎఱ్ఱకణములు కావలసినప్పుడు మూత్రపిండములు ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును పంపును. అది ఎఱ్ఱకణపు సంతతిమీదనున్న గ్రాహకమును తట్టి, ‘పెరుగుము’ అని చెప్పును. ఫ్రెండ్ వైరసు తయారుచేయు ఒక మాంసకృత్తు ఆ గ్రాహకమునే పట్టుకొని, హార్మోను రాకున్నను వచ్చినట్లు భ్రమింపజేయునని 1990లో కనుగొనిరి. పై యధికారి పంపని యుత్తరవు దొంగముద్రతో వచ్చినట్లన్నమాట. దానితో ఎఱ్ఱకణపు పిల్లలు ప్లీహములో పెల్లుబికి, కొలది వారములలో ప్లీహము పదిరెట్లకు మించి పెరుగును. అయినను ఇది యింకను నిజమైన క్యాన్సరు గాదు. వైరసు పుటను గుట్టుచోటు ప్రతి కణములోను వేఱుగా నుండును. ఎప్పుడో యొక కణములో అది పి.యు.-1 అను జన్యువు పొరుగున పడును. వైరసు పుట అంచులలో జన్యువులను ప్రేరేపించు శక్తి గలదు. పొరుగింటి దీపపు వత్తిని వచ్చినవాడు పెంచినట్లు, అది ఆ జన్యువును విపరీతముగా వెలిగించును. అప్పుడు కణము పండుట మానివేయును. కట్టు తప్పిన కణమును ఆపవలసిన పి-53 అను జన్యువుకూడ చెడినప్పుడు, ఆ యొక్క కణపు సంతతియే ఎలుకను చంపును.

మొలోనీ వైరసు దారి వేఱు. మొదట మూలుగలోను ప్లీహములోను మార్పులు కనబడి, కొన్ని నెలలకు రొమ్ములోని థైమస్ గ్రంథిలో వ్యాధి ముదురును. ఒకే జాతి వైరసులు, ఒకే జాతి యెలుకలు. పడిన కణమును బట్టి, పుటను గుట్టిన చోటును బట్టి వ్యాధి మారినది. నేలనుబట్టికూడ మారును: ‘సి-57’ అను నల్లయెలుకల వంశమునకు ఫ్రెండ్ వ్యాధి అంతగా అంటదు. వాని ఎఱ్ఱకణపు సంతతిలో వైరసు మోసమునకు సహాయపడు ఒక గ్రాహకపు పొట్టిరూపము కొఱవడుటయే యందుకు కారణమని 1999లో తేలినది.

ఇది విని శ్రోతలలో కొందఱికి భయము కలుగవచ్చును. లుకేమియా వైరసువలన వచ్చునేని అంటువ్యాధి గాదా, రోగి కంచములో తినవచ్చునా అని సందేహింతురు. ఈ సందేహమువలన మన వీధులలో రోగులు వ్యాధికంటె ఎక్కువ బాధపడుట గలదు. కనుక స్పష్టముగా చెప్పుచున్నాను. చిట్టెలుకల లుకేమియా వైరసువలన మనుష్యులకు లుకేమియా వచ్చుటలేదు. పిల్లలకు వచ్చు సాధారణ లుకేమియా యొకరినుండి యొకరికి అంటదు. 1980లో అమెరికాలో కనుగొన్న హెచ్.టి.ఎల్.వి.-1 అను వైరసు మాత్రము పెద్దవారికి ఒక విధమైన లుకేమియాను కలిగించును. అది నైరృతి జపాను మొదలగు కొన్ని సీమలలో అధికము. అదియు తల్లిపాలవలన, రక్తమువలన, దాంపత్యమువలన సంక్రమించునే గాని, కలసి కూర్చుండుటవలన సంక్రమించదు. సంక్రమించినవారిలోను బహుకొలదిమందికే వ్యాధి వచ్చును.

చికిత్స మాటకు వచ్చినచో తెలుగువాని పేరు ముందు చెప్పవలెను. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు పోలిక్ ఆమ్లముమీద కృషిచేసిరి. కణము విభజన చెందుటకు ఆ విటమిను ఆవశ్యకము. దానినిబోలి దాని పని చేయని అమినోప్టెరిన్ అను మందును ఆయన బృందము తయారుచేసెను. బోస్టన్ నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియాతో బాధపడు 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో వ్యాధి తగ్గుముఖము పట్టెనని 1948 జూనులో ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధికి మందన్నదే లేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందునకు చెల్లెలనదగిన మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల లుకేమియా చికిత్సలో వాడుచున్నారు.

కాని ఆ పదిమందిలోను వ్యాధి కొన్ని నెలలకు తిరిగివచ్చినది. ఎందుచేత? విభజన చెందు కణమునే ఈ మందు పట్టును. నిద్రించు కణము తప్పించుకొనును. 1994లో టొరాంటోలోనే జాన్ డిక్ బృందము, ఒక విధమైన మానవ లుకేమియా కణములను రక్షణశక్తి లేని చిట్టెలుకలలో ప్రవేశపెట్టి చూచెను. లక్షలాది కణములలో ఏ కొన్నియో మాత్రమే వ్యాధిని మరల మొలిపింపగలిగినవి. తక్కినవి వరదనీరు, ఆ కొన్నియే ఊట.

ఊటను ముట్టుటలోని అపాయమును ఇంకొక యుదంతము తెలుపును. పుట్టుకతోనే రక్షణశక్తి లేని శిశువులకు లోపించిన జన్యువును అందించుటకై, 1999లో పారిస్ నగరమున నెక్కెర్ ఆసుపత్రి వైద్యులు మొలోనీ వైరసును నిర్విషముచేసి వాహనముగా వాడిరి. శిశువుల మూలుగనుండి మూలకణములను తీసి, జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించిరి. మరణించవలసిన శిశువులు ఆరోగ్యముగా ఇంటికి బోయిరి. 2002 మొదలుకొని కొందఱికి లుకేమియా వచ్చినది. పారిస్, లండన్ నగరములలో చికిత్స పొందిన 20 మందిలో అయిదుగురికి అట్లు సంభవించినది. ఒక శిశువు మరణించెను. వైరసు పుట ఎల్.ఎం.ఓ.-2 అను జన్యువు పొరుగున పడి దానిని వెలిగించినది. ఎలుకలో చూచినదే బిడ్డలో జరిగినది. అటుతరువాత ప్రేరేపకశక్తిని తీసివేసి క్రొత్త వాహనములను నిర్మించిరి.

ఈ శాస్త్రమంతయు మన యిండ్లకు పనికివచ్చు ఒక్క సంగతిని బోధించుచున్నది. పిల్లవానికి జ్వరము విడువక, ముఖము పాలిపోయి, కారణములేక నెత్తురుమచ్చలు కనబడినచో ఆలసింపక రక్తపరీక్ష చేయింపవలెను. రెడ్‌హిల్సులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. సంపన్నదేశములలో నేడు ఈ వ్యాధిగల పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రదుకుచున్నారు. కాని చికిత్స రెండు మూడేండ్లు సాగును. నెల రెండునెలలకే రక్తపరీక్ష నిర్మలముగా వచ్చును, బిడ్డ ఆడుకొనును, ఇంక ఈ మందులెందుకని, బస్సుఖర్చులెందుకని తలిదండ్రులకు తోచును. అట్లు తోచినప్పుడు, రక్తపుబొట్టులో కనబడనంతమాత్రమున మూలుగలో లేదని గాదని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. వైద్యుడు చాలునని చెప్పువరకు మందు మానరాదు. బిడ్డకు వేఱు కంచము పెట్టనక్కఱలేదు. మందువేళ తప్పకుండ చూచినచో చాలును.